తిమింగలం ఎముక చేతికర్ర: కర్రకెంత, కాగితానికెంత?

ఓడ మీద చేతికర్రతో పనేముంటుంది? ఊగే డెక్ మీద నిలబడాలంటే ఉన్న రెండు చేతులూ తాళ్లు పట్టుకోవడానికే చాలవు. అయినా 19వ శతాబ్దపు అమెరికన్ తిమింగలం వేట ఓడల్లో చేతికర్రలు చెయ్యడం మామూలు వ్యాపకం. తిమింగలం దవడ ఎముకతో కర్ర, దాని పంటితో పిడి. చేసినవాడు ఓడ మీద ఉన్నన్నాళ్లూ దాన్ని పట్టుకుని నాలుగడుగులు వేసింది లేదు. ఊళ్లో ఉన్న నాన్నకో, పిల్లనిచ్చిన మామకో, ఓడలో డబ్బు పెట్టిన షావుకారుకో ఇవ్వడానికి చేసేవాడు. లేదంటే ఒడ్డుకు చేరాక ఆదివారం పూట చర్చికి తనే దర్జాగా ఊపుకుంటూ వెళ్లడానికి. అప్పట్లో అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ పట్టణాల్లో మగవాళ్ల ముస్తాబులో టోపీ ఎంతో చేతికర్ర కూడా అంతే. పాత జమీందారీ ఫొటోల్లో వెండి పిడి చేపాటికర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్న పెద్దమనుషులను చూసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

వేట ఓడల్లో తిమింగలం పళ్లు, ఎముకలతో చేసిన చేతిపనులన్నిటినీ కలిపి స్క్రిమ్‌షా అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. అందులో చేతికర్ర కొంచెం చిక్కైన వస్తువు. పంటి మీద చెక్కిన బొమ్మలో ఓడ ఉంటుంది, ఒక్కోసారి దాని పేరు, తేదీ, చెక్కినవాడి సంతకం కూడా ఉంటాయి. కర్ర మీద సాధారణంగా అవేవీ ఉండవు. ఎవరు చేశారో, ఏ ఓడలో చేశారో, ఏ సంవత్సరమో అది తనంతట తాను చెప్పదు. సాక్ష్యం చెప్పేవి రెండే: దాని ఒంటి మీది అరుగుదల, దాని వెంట వచ్చిన కాగితం. గత 50 ఏళ్లలో చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాక, ఈ కాగితం విలువ కర్ర విలువను దాటిపోయింది.

అంత పన్నూ ఎముకా, అంత తీరికా వాళ్లకు ఎలా దొరికాయన్నది ముందు చూడాలి. మసాచుసెట్స్ తీరంలోని నాంటకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ రేవులు ఈ వ్యాపారానికి పుట్టిళ్లు. 1840ల మధ్యలో అమెరికా వేట ఓడలు 700 దాటాయి. 1857 నాటికి ఒక్క న్యూ బెడ్‌ఫర్డ్‌వే 329. దీపాలకు, యంత్రాలకు కావలసిన నూనె కోసం ఆ ఓడలు పసిఫిక్ దాకా వెళ్లేవి. ఒక్కో ప్రయాణం మూడు నాలుగేళ్లు. తిమింగలం కనిపించినప్పుడు చిన్న పడవలు దించి తరమాలి కాబట్టి ఒక్కో ఓడలో ముప్పై మంది దాకా మనుషులుండేవారు. తెరచాపలు చూసుకోవడానికి అంతమంది అక్కర్లేదు. తిమింగలం కనిపించని వారాలు, నెలల్లో వీళ్లకు పనే ఉండదు. 1841లో కట్టిన చార్ల్స్ డబ్ల్యూ. మోర్గన్ అనే ఓడ 80 ఏళ్లలో 37 సార్లు ఇలా వెళ్లొచ్చింది. ఇప్పుడది కనెక్టికట్‌లోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో ఉంది. లోపలికి దిగి నావికులు పడుకునే ఇరుకు గూళ్లు చూస్తే, డెక్ మీద కూర్చుని ఎముక అరగదీసుకోవడం ఎంత ఊరటగా ఉండేదో అర్థమవుతుంది.

ఇక సరుకు. స్పెర్మ్ తిమింగలానికి కింది దవడలోనే పెద్ద పళ్లుంటాయి, మొత్తం నలభై యాభై దాకా. ఓడ యజమాని లెక్క పీపాల నూనెతోనే కాబట్టి పళ్లు నావికులకు వదిలేసేవారు. ఫిజీ దీవుల్లో మాత్రం ఆ పన్ను మహా గౌరవమైన కానుక. తాడు కట్టిన తిమింగలం పంటిని అక్కడ తంబువా అంటారు, పెళ్లిళ్లలో, రాజీల్లో ఇప్పటికీ ఇచ్చిపుచ్చుకుంటారు. కింది దవడ ఎముక ఇంకో వరం. పెద్ద మగ తిమింగలానికి అది నాలుగైదు మీటర్ల పొడవుంటుంది, ముందువైపు సన్నగా, తిన్నగా సాగుతుంది. వెనకవైపు పలకలా వెడల్పై దళసరిగా ఉంటుంది. మూడడుగుల కర్రను అతుకు లేకుండా ఒకే ముక్కలో తియ్యడానికి ఇంతకంటే అనువైన ఎముక నేల మీది ఏ జంతువుకూ దొరకదు. నకిలీలను పట్టుకోవడానికి ఈ చిన్న విషయం తర్వాత బాగా పనికొస్తుంది.

పని ఇలా సాగేది. ఎముకను రంపంతో నిలువుగా బద్దలు కోసి ఆరబెట్టాలి. ఆరిన బద్దను ముందు నాలుగు పలకలుగా, ఆపైన ఎనిమిది పలకలుగా చేసి, ఆకురాయితో మూలలు తీసేస్తూ గుండ్రానికి తేవాలి. కింద సన్నగా, పైన కొంచెం లావుగా. కొన్ని ఓడల్లో వడ్రంగి దగ్గర చిన్న తరిమెన ఉండేది, దాని మీద పట్టేవారు. గరుకు పోగొట్టడానికి ఎండిన సొరచేప తోలు మన గరుకు కాగితంలా పనికొచ్చేది. చివరికి బూడిదతోనో ప్యూమిస్ రాయి పొడితోనో రుద్ది, అరచేత్తో నునుపు చేసేవారు. పైభాగంలో ఒక జానెడు మేర అలంకారం: పేనిన తాడులా మెలికలు, నిలువు గాడులు, డైమండ్ గళ్లు. ఆ పైన పిడి. బిగించిన పిడికిలి, పామును నలుపుతున్న పిడికిలి, కుక్క తల, ఆడవాళ్ల కాలు, నావికులు వేసే టర్క్స్ హెడ్ ముడి ఎక్కువగా కనిపిస్తాయి. పిడికీ కర్రకీ మధ్య నల్లటి సన్న బిళ్లలు ఒకటో రెండో కూర్చేవారు. అవి పళ్లులేని జాతి తిమింగలాల నోట్లో జల్లెడలా వేలాడే బాలీన్ ముక్కలు. తాబేటి చిప్ప, కొబ్బరి చిప్ప, ఎక్కడో దీవుల్లో సంపాదించిన నల్ల కర్ర కూడా ఇందుకే వాడారు. పిడి నెత్తిన వెండి నాణెం పొదిగినవీ ఉన్నాయి. అడుగున ఇత్తడి పొన్ను.

పంటి మీద బొమ్మలు వేసే పద్ధతి తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. సూదితో గీసి, ఆ గీతల్లో దీపపు మసి రుద్ది, పైన తుడిచేస్తే నలుపు గాడుల్లో మాత్రమే నిలుస్తుంది. దీనికి వందేళ్ల ముందే విశాఖపట్నంలో కంసాలి పనివాళ్లు ఏనుగు దంతపు పలకల మీద పూలతీగలు గీసి నల్ల లక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలు ఎగబడి కొన్న ఆ పెట్టెలు, కుర్చీలు, బీరువాలు ఇప్పుడు వేలంశాలల్లో 'వైజాగపటమ్' పేరుతో పలుకుతున్నాయి. ఒకరినొకరు చూసి నేర్చుకున్నారని కాదు. తెల్లటి గట్టి వస్తువు, సన్న మొన, నల్లటి పొడి చేతిలో ఉంటే మనిషికి తట్టే ఆలోచన అదే మరి. తేడా ఏమిటంటే వైజాగ్‌లో అది కులవృత్తి, కొనేవాళ్లు దొరలు. ఓడ మీద అది పొద్దుపోని పని, తీసుకునేవాళ్లు సొంత మనుషులు. అందుకే ఓడ పనిలో వంకర గీతలు, పూర్తిచెయ్యకుండా వదిలేసిన అంచులు కనిపిస్తాయి. అనుభవమున్న సేకర్తలకు ఆ వంకరలే ఇష్టం.

సంతకాల సంగతికొస్తే, పళ్లు చెక్కినవాళ్లలో కొందరి పేర్లు తెలుసు. నాంటకెట్‌కు చెందిన ఎడ్వర్డ్ బర్డెట్ 1805లో పుట్టాడు, 1833లో తిమింగలం పడవను లాక్కెళ్తుండగా తాడులో చిక్కుకుని చనిపోయాడు. ఫ్రెడరిక్ మైరిక్ 1828, 1829ల్లో సుసాన్ అనే ఓడ మీద చెక్కిన పళ్లకు ఓడ పేరుతో 'సుసాన్స్ టీత్' అన్న పేరే స్థిరపడింది. చేతికర్రలకు ఇలాంటి పేర్ల జాబితా లేదు. ఆ ఓడల్లో తెల్లవాళ్లతో పాటు నల్లజాతివాళ్లు, అక్కడి ఆదివాసీలైన వాంపనోగ్ తెగవాళ్లు, అట్లాంటిక్‌లోని అజోర్స్, కేప్ వర్డి దీవులవాళ్లు, పసిఫిక్ దీవులవాళ్లు పనిచేశారు. ఏ కర్ర ఎవరి చేతిదో చెప్పడానికి ఇప్పుడు దారి లేదు.

20వ శతాబ్దం మొదట్లో ఇవి అటకల మీద పడున్న సామాను. 1859లో పెన్సిల్వేనియాలో పెట్రోలియం బావి పడ్డాక కిరసనాయిలు చవకై, తిమింగలం నూనెకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. 1871లో ఆర్కిటిక్ మంచులో 33 వేట ఓడలు ఇరుక్కుని వదిలెయ్యాల్సి వచ్చింది. న్యూ బెడ్‌ఫర్డ్ చివరి తరం ఓడల్లో ఒకటైన వాండరర్ 1924 ఆగస్టులో తుపానుకు రాళ్ల మీద పడి పగిలిపోయింది. స్క్రిమ్‌షా మీద జనం కన్ను పడింది 1960ల్లో. అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీకి ఈ పళ్లంటే ప్రాణం, తన ఆఫీసు బల్ల మీద వరసగా పెట్టుకునేవాడు. 1962 క్రిస్మస్‌కు భార్య జాక్వెలిన్ ఆయనకు అధ్యక్ష ముద్ర చెక్కించిన పన్ను ఇచ్చింది. మరుసటి సంవత్సరం ఆయన్ని ఖననం చేసినప్పుడు దాన్ని కూడా శవపేటికలో పెట్టారు. అధ్యక్షుడి బల్ల మీదికి ఎక్కిన వస్తువుకు ధర ఎక్కకుండా ఉంటుందా? ధర వెనకే నకిలీలూ వచ్చాయి.

నకిలీల్లో తేలిగ్గా దొరికిపోయేవి ప్లాస్టిక్‌వి. అసలు వస్తువును అచ్చుతీసి రెసిన్ పోసినవి. ఎక్కడో ఒక చోట గాలి బుడగ కనిపిస్తుంది, అచ్చు అతుకు గీత ఉంటుంది, చేతిలో తొందరగా వెచ్చబడుతుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద అసలు పన్నూ ఎముకా నీలి తెలుపుగా వెలుగుతాయి, ప్లాస్టిక్ చాలావరకు మందకొడిగా ఉంటుంది. ఎర్రగా కాల్చిన సూది గుచ్చి చూసే పాత పద్ధతి ఒకటుంది. అది అసలు వస్తువుకు మచ్చ మిగులుస్తుంది, మానుకోవడం మంచిది.

రెండో రకం పశువుల ఎముకతో చేసినవి. ఎద్దు తొడ ఎముక నుంచి మూడడుగుల కర్ర రాదు. అందుకని చిన్న చిన్న ముక్కలను ఇనుప కడ్డీకి పూసల్లా గుచ్చి, మధ్యమధ్య నల్ల బిళ్లలు వేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నావికులు కూడా ముక్కలు కూర్చి కొన్ని కర్రలు చేశారు, సొరచేప వెన్నుపూసలను కడ్డీకి ఎక్కించినవైతే చాలానే ఉన్నాయి. కానీ ముక్కల కర్రను 'తిమింగలం ఎముక' అని అమ్ముతుంటే ఆగి ఆలోచించాలి. పొడుగాటి దవడ చేతిలో పెట్టుకుని ఎవరైనా ముక్కలెందుకు చేస్తారు?

అసలు తలనొప్పి మూడో రకంతో. పన్ను అసలుదే, పాతదే. చెక్కడం మాత్రం నిన్నగాక మొన్నటిది. అజోర్స్ దీవుల్లో పడవల మీద తిమింగలం వేట 1980ల దాకా సాగింది, అక్కడ పంటి పనీ సాగింది. సోవియట్, జపాన్ ఫ్యాక్టరీ ఓడలు చంపిన వేలాది తిమింగలాల పళ్లు 1960, 70ల్లో మార్కెట్‌లోకి వచ్చాయి. అలాంటి పంటితో పిడి చేసి, కాఫీ డికాక్షన్‌లోనో టీ నీళ్లలోనో నానబెట్టి పసుపురంగు తెప్పిస్తే సగంమంది మోసపోతారు. ఇక్కడ పదార్థ పరీక్ష అక్కరకు రాదు, పదార్థంలో అబద్ధం లేదు కదా. 1950ల అణుపరీక్షల తర్వాత గాలిలో, సముద్రంలో కలిసిన కార్బన్ ఆనవాలును ల్యాబ్‌లో పట్టవచ్చు. ఆ ఆనవాలు కనిపిస్తే జంతువు ఆ తర్వాతిదని తేలిపోతుంది. కనిపించకపోతే పన్ను పాతదన్నంతవరకే. చెక్కిన తేదీ ఏ ల్యాబూ చెప్పదు.

కాబట్టి మళ్లీ కళ్ల దగ్గరికే రావాలి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద ఎముక కర్రను పెడితే నిలువునా సన్నటి ముదురు గీతలు కనిపిస్తాయి. ఎముకలో రక్తనాళాలు నడిచిన దారులవి. కోసిన అంచు మీద అవే చుక్కలుగా ఉంటాయి. పంటి పిడి మీద ఆ చుక్కలుండవు. బయటి పొరకూ లోపలి దంత పదార్థానికీ మధ్య స్పష్టమైన సరిహద్దు, ఉంగరంలా, ఎక్కడో ఒక చోట బయటపడుతుంది. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే కనిపించే అల్లిక గీతలు తిమింగలం పంటిలో ఉండవు. పిడీ కర్రా కలిసే చోట గోరుతో మెల్లిగా రాస్తే చిన్న మెట్టు తగలాలి. పన్ను ఒక తీరున, ఎముక ఒక తీరున, బాలీన్ మరో తీరున కుంచించుకుపోతాయి. నూటయాభై ఏళ్ల తర్వాత మూడూ అద్దంలా సమంగా కలిసి ఉన్నాయంటే అనుమానించాల్సిందే. అరుగుదల కూడా చూడాలి. పిడిలో బొటనవేలు ఆనే చోట ఎక్కువ అరగాలి, వేళ్లు పోని సందుల్లో మురికి నిలవాలి, పొన్ను ఒక వైపుకే వాలి అరగాలి. మనిషి కర్రను నిట్టనిలువుగా మోపడు. నలువైపులా ఒకేలా అరిగిన పొన్ను యంత్రం మీద అరిగిందే.

ఇంకో గుర్తు నూనె. తిమింగలం ఎముక నిండా నూనె ఉంటుంది, ఎంత ఆరబెట్టినా పూర్తిగా పోదు. పాత కర్రల మీద తేనె రంగు మచ్చలు అక్కడక్కడా పాకి ఉంటాయి. టీ నీళ్ల రంగు అంతటా ఒకేలా పట్టుకుంటుంది, నూనె మచ్చ తన ఇష్టమొచ్చిన చోట తేలుతుంది. అయితే చీకట్లో దాచిన పన్నూ ఎముకా పసుపుబారతాయి, ఎండ తగిలితే తెల్లబడతాయి. రంగు చూసి వయసు కట్టెయ్యడం అందుకే తొందరపాటు.

ఒక కర్ర పిడి మరో కర్రకు బిగించిన సందర్భాలు, కింద విరిగితే పొట్టిగా కోసి పొన్ను మార్చిన సందర్భాలు లెక్కలేనన్ని. మరమ్మతు తప్పేం కాదు. చెప్పకుండా అమ్మడమే తప్పు. దానికి మించి, ఏ తేదీన ఏ పదార్థంతో మరమ్మతు చేశారన్నది ఇప్పుడు చట్టం అడిగే ప్రశ్న కూడా.

అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1973 నాటి అంతరించే జాతుల చట్టం తిమింగలం వస్తువుల వ్యాపారాన్ని దాదాపు ఆపేశాయి. నూరేళ్లు దాటిన పురాతన వస్తువుకు మినహాయింపు ఉంది, కానీ 1973 డిసెంబర్ తర్వాత రక్షిత జాతి పదార్థంతో దాన్ని బాగుచేసి ఉండకూడదు. వయసు రుజువు చేసే బాధ్యత అమ్మేవాడిదే. పైకి చూస్తే ఇది పెద్ద అడ్డంకి కాదు. అమెరికా తెరచాప ఓడల వేట 1920ల్లోనే ముగిసింది, ఆ ఓడల మీద చేసిన కర్రలకు దాదాపు అన్నిటికీ నూరేళ్లు నిండాయి. అంటే వయసు ఉంది, వయసు రుజువు లేదు. పేరు, తేదీ లేని వస్తువుకు పుట్టినరోజు సర్టిఫికెట్ అడిగినట్టు.

రాష్ట్రాల చట్టాలు ఇంకా బిగువు. 2016 నుంచి అమల్లో ఉన్న కాలిఫోర్నియా చట్టంలో దంతం అన్న మాట కిందికి తిమింగలం పన్ను కూడా వస్తుంది. నూరేళ్ల వస్తువైనా అందులో దంతం 5 శాతం కంటే తక్కువ ఉంటేనే అమ్మనిస్తారు. చెక్క కర్రకు చిన్న దంతపు బొడిపె ఉంటే బయటపడవచ్చు. పిడి మొత్తం పంటిదైతే కష్టం. బ్రిటన్ మొదట ఏనుగు దంతానికే పరిమితం చేసిన 2018 నాటి ఐవరీ చట్టాన్ని 2025 జనవరిలో స్పెర్మ్ తిమింగలం, నార్వాల్, కిల్లర్ వేల్, నీటి ఏనుగులకు కూడా వర్తింపజేసింది. అక్కడ 1918కి ముందుదై, అసాధారణమైన కళావిలువ ఉందని నిపుణులు ఒప్పుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. దీని ఫలితం కొంచెం అన్యాయంగానే ఉంటుంది. మ్యూజియం స్థాయి కర్రకు దారి దొరుకుతుంది. ఏ వంటవాడో తన తండ్రి కోసం చేసిన మోటు కర్ర ఇంట్లోనే ఉండిపోవాలి. అమ్మకానికి పనికిరాదన్నాక వారసులు దాన్ని ఎంత జాగ్రత్తగా చూస్తారన్నది ఎవరూ అడగని ప్రశ్న. అలాగని చట్టాలను తప్పుపట్టడానికీ లేదు. పాత పన్ను అమ్ముకోవచ్చని తలుపు తీస్తే కొత్త పన్ను పాతదై లోపలికొస్తుంది. ఏనుగు దంతం విషయంలో లోకం ఆ ముచ్చట చూసింది.

దేశం దాటించాలంటే, అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం అడ్డుపడుతుంది. స్పెర్మ్ తిమింగలం అందులో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. ఒప్పందానికి ముందు నాటి వస్తువని ధ్రువీకరించే పత్రం లేకుండా కర్ర సరిహద్దు దాటితే స్మగ్లింగ్ కిందే లెక్క. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు వారాంతంలో కేప్ కాడ్ వైపు వెళ్లి, ఏ పాత సామాన్ల కొట్లోనో ముచ్చటపడి ఒకటి కొని, సంక్రాంతికి ఇండియా వస్తూ నాన్నగారికని సూట్‌కేసులో పెట్టుకుంటే టెన్షన్ కొనితెచ్చుకున్నట్టే. ఇక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 'తిమింగలం వాంతి' అమ్మబోతూ పట్టుబడ్డవాళ్ల వార్తలు తెలుగు పేపర్లలో తరచూ వస్తూనే ఉంటాయి. వాంతి అని రాస్తారు గానీ అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే అంబర్‌గ్రిస్. అదే జంతువు పన్నుకు అధికారులు వేరే న్యాయం చూపించరు.

ఇంత అయ్యాక కూడా కొనదలచినవాళ్లు కర్ర కంటే ముందు ఫైలు చూడాలి. పాత వేలం కేటలాగులో ఫొటోతో సహా అచ్చయి ఉందా, 1972కి ముందటి రసీదు ఉందా, ఏ కుటుంబం నుంచి వచ్చిందో రాతపూర్వకంగా ఉందా, ఆ కుటుంబంలో ఓడెక్కినవాడి పేరు నావికుల పట్టీలో దొరుకుతుందా. న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి వెళ్లిన నావికుల పట్టీలు చాలావరకు భద్రంగా ఉన్నాయి, వెతకవచ్చు. 'మా తాతగారు చెప్పేవారు' అన్న మాట కథగా బాగుంటుంది, ఆఫీసరు ముందు నిలవదు. ఒకే పనితనం, ఒకే పొడవు ఉన్న రెండు కర్రల్లో కాగితమున్నది కొన్ని వేల డాలర్లు పలికితే, లేనిదాన్ని పేరున్న వేలంశాల ముట్టుకోదు. ముట్టుకోనిదాన్ని చవగ్గా దొరికిందని కొనుక్కోవడం, మళ్లీ అమ్ముకునే దారి మూసుకుని కొనుక్కోవడమే.

కొనే ఉద్దేశం లేనివాళ్లు న్యూ బెడ్‌ఫర్డ్ తిమింగలాల మ్యూజియానికి వెళ్తే చాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద స్క్రిమ్‌షా సేకరణ అక్కడే ఉంది. 2001లో కెండల్ అనే మరో తిమింగలం వేట మ్యూజియం సేకరణ కూడా అందులో కలిసింది. అద్దాల వెనక పిడికిళ్లు, పాములు, తాడు మెలికల కర్రలు వరసగా ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే నెత్తిమీద ఒక నీలి తిమింగలం పిల్ల అస్థిపంజరం వేలాడుతూ కనిపిస్తుంది. 1998లో ట్యాంకరు ఢీకొని చచ్చిపోయింది. ఎముకలు శుభ్రం చేసి వేలాడదీసి ఏళ్లు గడిచాక కూడా వాటిలోంచి నూనె బొట్టుబొట్టుగా కారుతుంటే, కింద ఒక గొట్టం అమర్చి సీసాలోకి పట్టారు.